ఆరుసార్లు తొక్కాల్సిన బ్రేకు

మహతి కారులో పైకి కనిపించే ప్రత్యేకత ఏమీ లేదు. బూడిదరంగు చిన్న కారు. వెనక తలుపు పైకి లేస్తుంది. నూజివీడులో అలాంటివి వీధికి రెండుంటాయి. దగ్గరికొచ్చి చూస్తేనే చక్రాలు కాస్త వెడల్పుగా, బండి నేలకు కాస్త దగ్గరగా ఉందని తెలుస్తుంది. ఇంజను స్టార్ట్ చేస్తే మాత్రం ఎదురింటి కుక్క లేచి కూర్చునేది. చూడ్డానికి చిన్నగా ఉండి పరుగులో పెద్ద కార్లను దాటిపోయే ఇలాంటి వాటిని హాట్ హ్యాచ్ అంటారని ఆమె ఒకసారి స్టాఫ్ రూములో చెప్పింది.

"చాట్రాయి రావడానికి అంత బండెందుకండీ మేడమ్?" అన్నారు తెలుగు లెక్చరర్ ప్రేమ్‌చంద్ గారు. "మా స్పీడ్ బ్రేకర్ దగ్గర మీ కారు సాష్టాంగ నమస్కారం చేస్తే గానీ దాటదు కదా."

అందరూ నవ్వారు. మహతి కూడా నవ్వింది. బండి అడుగు తగులుతుందని ఆమె ప్రతి స్పీడ్ బ్రేకర్‌నీ ఏటవాలుగా, ఒక్కో చక్రం చొప్పున దాటించే మాట నిజమే.

ఆమెకు ముప్పై ఏడేళ్ళు. చాట్రాయి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. తండ్రి ఉమాపతి గారు నూజివీడులో శివాలయం అర్చకులు. తల్లి ఆమె ఇంటర్ చదివేటప్పుడే పోయింది. పెళ్ళయింది, మూడేళ్ళు నిలిచింది, పెద్దగా కేకలేమీ లేకుండానే ముగిసింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు హైదరాబాదులో ఒక డాక్టరు దగ్గర ఈ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. తాళం తెచ్చి ఇచ్చిన రోజు ఉమాపతి గారు కారు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, దేవుడి పటాల పక్కన ఒక మేకు కొట్టి, తాళం అక్కడ తగిలించారు. ఆ రోజు నుంచి అది అక్కడే ఉండేది.

ఏడాదికి మూడు నాలుగుసార్లు ఆమె చెన్నై అవతల రేస్ ట్రాక్‌కు వెళ్ళేది. ట్రాక్ డే అంటే పోటీ కాదు. ఎవరి బండి వాళ్ళు తెచ్చుకుని, హెల్మెట్ పెట్టుకుని, ఇరవై నిమిషాల చొప్పున శక్తికొద్దీ తోలుకునే రోజు. వెళ్ళేముందు డిక్కీలోంచి పిల్లల రికార్డు పుస్తకాలు, నాన్న అభిషేకం నీళ్ళ క్యాను, గొడుగు తీసి ఇంట్లో పెట్టేది. డాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి తువ్వాల్లో చుట్టి సీటు కింద సర్దేది. అక్కడికి వచ్చేవాళ్ళలో ఆమె వేగం మధ్యరకం. దానికి ఆమె ఎప్పుడూ బాధపడలేదు. అక్కడ ఆమె ఎవరి కూతురో, ఎవరి భార్య కాకుండా పోయిందో ఎవరూ అడగరు. మలుపులో ఎక్కడ బ్రేకు వేశావు అని మాత్రం అడుగుతారు.

సోమవారం ఉదయం మళ్ళీ అదే కారులో అదే రికార్డు పుస్తకాలతో కాలేజీకి వెళ్ళేది.

ఒకే బండి రెండు పనులూ చేస్తుంది గాని, ఒకే బ్రేకు రెండు పనులూ చేయదు. చక్రాన్ని నొక్కి ఆపే మామూలు బ్రేకు ప్యాడ్లు ట్రాక్ మీద పది నిమిషాల్లో మాడిపోతాయి. ట్రాక్ ప్యాడ్లు వేరు. అవి బాగా కాలితేనే పట్టుకుంటాయి. చల్లగా ఉన్నప్పుడు పెడల్ మీద కాలు వేస్తే కొయ్య మీద వేసినట్టుంటుంది, బండి జారుకుంటూ పోతుంది. అందుకని వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి మెకానిక్ పాల్ రాజు షెడ్డులో ప్యాడ్లు మార్పించడం ఆమెకు అలవాటు. వాడని జత పాల్ రాజు దగ్గర ఒక బిస్కెట్ డబ్బాలో ఉండేది. డబ్బా మూత మీద అతను సున్నంతో ఒకవైపు 'కాలేజీ' అని, ఒకవైపు 'చెన్నై' అని రాసుకున్నాడు. ఏ జత లోపలుంటే ఆ పేరు పైకి తిప్పిపెట్టేవాడు.

ఈ ఏడు ఏప్రిల్ చివరి ఆదివారం ఒక ట్రాక్ డే, మే చివరి ఆదివారం ఇంకొకటి వచ్చాయి.

"నాలుగు వారాలే కదా, ఉండనీయండి పాల్ రాజు గారూ. విప్పడం, మళ్ళీ బిగించడం ఎందుకు?" అంది మహతి.

"రోడ్డు మీద పట్టవు కదండీ మేడమ్, పొద్దున పొద్దున్నే?"

"వేడెక్కించుకుని పోతాలెండి."

అలాగే చేసింది. సెలవులైనా తప్పిన పిల్లలకు ఆమె క్లాసులు తీసుకుంటోంది. ఊరు దాటాక బస్సులు లేని చోట చూసుకుని, వేగం పెంచి బ్రేకు గట్టిగా తొక్కేది, మళ్ళీ పెంచి తొక్కేది. ఆరుసార్లు. ఆరోసారికి కమురు వాసన వచ్చి పెడల్ కింద పట్టు తెలిసేది. రెండు వారాలు ఒక్కరోజు కూడా మానలేదు. పొయ్యి వెలిగించి గిన్నె పెట్టినంత మామూలైపోయింది.

మే మధ్యలో సప్లిమెంటరీ పరీక్షలు మొదలయ్యాయి. రెండోరోజు ముందటి సాయంత్రం గాలివాన కొట్టింది. చాట్రాయి రోడ్డు పొడుగునా మామిడి తోటలే, అక్కడ గాలివాన అంటే అందరికీ పనే. తోటలో రాలిన కాయ తోట కౌలుకు పట్టినవాడిది. కంచె బయట రోడ్డు వార పడ్డ కాయ మాత్రం ఎవరు ఏరుకుంటే వాళ్ళది. అది పాత కట్టుబాటు. తెల్లారేసరికి పక్క పేటల్లోని ఆడవాళ్ళు గంపలతో రోడ్డు మీదుంటారు.

మహతి ఏడున్నరకు బయల్దేరింది. ఊరు దాటి ఆరుసార్లూ తొక్కింది. అక్కణ్ణుంచి ఎనిమిది కిలోమీటర్లు పోయాక పెద్ద కొమ్మ ఒకటి రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. ఇద్దరు మనుషులు గొడ్డళ్ళతో నరుకుతున్నారు. ఇరవై నిమిషాలు ఆగాల్సి వచ్చింది. ఈలోగా కాలేజీ నుంచి ఫోన్. "మేడమ్, ప్రశ్నపత్రాల కట్ట విప్పేటప్పుడు మీ సంతకం కావాలి, ఎక్కడున్నారు?" కొమ్మ తీశారు. ఆమె బయల్దేరింది. తడి గాలి ఆ ఇరవై నిమిషాలూ చక్రాల్లోకి కొడుతూనే ఉంది. మళ్ళీ ఆరుసార్లు తొక్కాలన్న సంగతి ఆమెకు తోచలేదు. పొద్దున చేసేసిన పనిని మళ్ళీ చేయాలని ఎవరికి తోస్తుంది?

రెండు కిలోమీటర్ల అవతల, కల్వర్టు దాటాక, కాయల ట్రాక్టరు ఒకటి పక్కన ఆగి ఉంది. దాని ముందు నుంచి ఒక మనిషి తల మీద గంపతో రోడ్డు మీదికి అడుగు పెట్టింది. కల్వర్టు దగ్గరే మహతి చూసింది. బ్రేకు తొక్కింది. కొయ్య. ఇంకా గట్టిగా తొక్కింది. హారన్ మోగుతూనే ఉంది. ఆ మనిషి ఆగి కారు వైపు చూసిన చూపులో భయం లేదు. ఆగుతావు కదా అన్నట్టు చూసింది. అది మహతికి బాగా గుర్తుంది. తర్వాత గంపలోని కాయలన్నీ బోనెట్ మీద పడిన చప్పుడు.

ఆమె పేరు పార్వతి. నలభై రెండేళ్ళు. తోటల్లో కాయ కోసే కూలి. విజయవాడ పెద్దాసుపత్రిలో కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

చాట్రాయి పోలీస్ స్టేషన్‌లో ఎస్సై మర్యాదగా కుర్చీ వేయించాడు. ఆయన తమ్ముడి కొడుక్కి మహతి పాఠం చెప్పింది.

"బ్రేకులవీ బాగున్నాయా మేడమ్?"

"రెండు వారాల కిందటే చూపించాను" అంది మహతి.

అందులో అబద్ధం లేదు. ఆ మాట నోట్లోంచి వచ్చాక చాలాసేపు ఆమె టేబుల్ మీది పేపరు వెయిటునే చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కారు తీసుకుని సంత బజారు చుట్టూ, ఆటోల మధ్య, ఆవుల మధ్య, తొక్కుతూ వదులుతూ ఒక చుట్టు తిరిగాడు. తిరిగొచ్చి స్టేషన్ ముందు ఒక్కసారి గట్టిగా తొక్కితే బండి ఎక్కడిదక్కడ నిలబడింది. దిగుతూ, "కొత్త బండి కంటే బాగున్నాయి మేడమ్ మీ బ్రేకులు" అన్నాడు. బండిలో ఏ లోపమూ లేదని కాగితం రాసి ముద్ర వేశాడు. పార్వతి భర్త సత్యనారాయణ కూడా తన భార్యే ట్రాక్టరు చాటునుంచి చూసుకోకుండా వచ్చిందని వేలిముద్ర వేశాడు. అలా వేయమని అతనికి ఎవరూ చెప్పలేదు. అతను నిజంగానే అలా అనుకున్నాడు.

కారు ఇంటికొచ్చింది. మహతి దాని మీద పట్టా కప్పి బస్సులో కాలేజీకి వెళ్ళసాగింది.

పార్వతిని ఆసుపత్రి నుంచి పంపించాక ఒక ఆదివారం మహతి దూదీ, కట్టుగుడ్డలూ, మందులూ తీసుకుని చూడబోయింది. రోడ్డుకు అర కిలోమీటరు లోపల తోటల పక్కన పేట. రేకుల ఇంటి ముందు నులక మంచం మీద పార్వతి పడుకుని ఉంది. దుప్పటి ఒకవైపు చదునుగా ఉంది.

"మీరేం మనసులో పెట్టుకోకండి మేడమ్ గారండీ" అన్నాడు సత్యనారాయణ, పీట దులిపి వేస్తూ. "దీని కళ్ళు నెత్తి మీదున్నాయి. అవతల పక్క నాలుగు కాయలు కనపడేసరికి ఒళ్ళు తెలీలేదు."

"నేను చూసే వచ్చానయ్యా" అంది పార్వతి.

"చూసే వస్తే బండి కింద ఎలా పడ్డావే? ఇన్‌స్పెక్టరు గారు కాయితం రాశారు, బండి నిక్షేపంగా ఉందని. కాయితం అబద్ధం చెబుద్దా, నువ్వు చెబుతావా?"

పక్కింటి గోడ మీదనుంచి ఒకావిడ, "రాలుకాయకి కాలిచ్చుకున్న మనిషి మా పార్వతొక్కతే" అంది. వీధిలో ఇద్దరు నవ్వారు. అంత చెడ్డ నవ్వు కాదు. రోజూ నవ్వే నవ్వులాగే ఉంది.

మహతి మందులు మంచం కింద పెట్టి వచ్చేసింది.

రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళింది. ఆ రోజు సత్యనారాయణ పనికి పోయాడు. పార్వతి జుట్టు దువ్వుకోలేదు.

"ఎలా ఉందమ్మా?" అంది మహతి.

"ఉందండీ." మళ్ళీ పార్వతే అంది. "ఆ రోజు నేను చూశాననే అనుకున్నానండీ. కల్వర్టు దగ్గరుంది బండి, వచ్చేలోపు దాటతానులే, దాటకపోయినా ఆగుద్దిలే అనుకున్నట్టు గుర్తు. అందరూ అంటుంటే ఇప్పుడు... ఏమోనండీ. చూళ్ళేదేమో. కాయల మీదే ఉందేమో నా చూపు. చూశానన్నది నేనే ఊహించుకున్నానేమో."

మహతి కూర్చున్న పీట మీద నుంచి లేవలేకపోయింది. పార్వతి కాలు తీసేశారని విన్నప్పుడు తను ఏడ్చింది. ఈ మాటకు ఏడుపు రాలేదు.

ఆ సాయంత్రం పాల్ రాజు తనంతట తనే మహతి ఇంటికి వచ్చాడు. గేటు లోపలే నిలబడి, పట్టా కప్పిన కారును చూస్తూ గొంతు తగ్గించాడు.

"మేడమ్, ఆ ప్యాడ్లు ఇంకా దాంట్లోనే ఉన్నాయి. అరగంట పని. మార్చేసి విప్పినవి ఏలూరు కాలవలో పడేస్తాను. మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు."

"మీకు నిద్ర పడుతోందా పాల్ రాజు గారూ?"

అతను చెప్పులతో నేలను గీశాడు. "నాకూ ఇద్దరు పిల్లలున్నారండీ. నేనే బిగించానని అంటారు."

"మీరు వద్దన్నారు. ఉంచమన్నది నేను. ఆ సంగతి ఎక్కడైనా చెబుతాను. ఇప్పుడైతే ముట్టుకోకండి."

అతను వెళ్ళిపోయాడు. ఉమాపతి గారు వరండాలో అంతా విన్నారు. కూతురు లోపలికి రాగానే అడిగారు. ఆమె మొదటి నుంచీ చెప్పింది. కొమ్మ దగ్గర ఆగిన ఇరవై నిమిషాలతో సహా.

"బయటపెడితే ఉద్యోగం పోతుందా?"

"సస్పెండ్ చేస్తారు నాన్నా. కేసు తిరగదోడితే శిక్ష కూడా పడొచ్చు."

ఆయన లేచి, దేవుడి పటాల పక్క మేకు నుంచి కారు తాళం తీసి, తెచ్చి భోజనాల బల్ల మీద ఆవకాయ జాడీ పక్కన పెట్టారు.

"ఆ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది నేనేనమ్మా" అన్నారు. "ఇక ఇది అక్కడ ఉండకూడదు."

మర్నాడు మహతి సత్యనారాయణకు ఫోన్ చేసి, జరిగింది చెప్పబోయింది. అతను పూర్తిగా విననేలేదు. "ఎందుకండీ మీరు లేనిది మీద వేసుకుంటారు, ఇన్‌స్పెక్టరు గారు రాసిచ్చాక? మీరు మంచివాళ్ళు కాబట్టి అలా అంటున్నారు." ఎంత చెప్పినా అదే మాట. ముద్ర వేసిన కాగితం ముందు ఆమె మాట నిలవలేదు.

"అయితే రేపు పొద్దున్నే కల్వర్టు దగ్గరికి రండి. ఒక ఖాళీ గంప తీసుకురండి" అంది మహతి.

తెల్లారుతుండగా ఆమె కారు మీద పట్టా తీసింది. బోనెట్ మీద సొట్ట అలాగే ఉంది. దారి పొడుగునా బ్రేకు అవసరం రాకుండా మెల్లగా పోయి, కల్వర్టుకు ఇవతల ఆపి, బ్రేకులు పూర్తిగా చల్లారేలా పావుగంట ఊరుకుంది. సత్యనారాయణ గంపతో వచ్చాడు. కాయల సీజను అయిపోవచ్చింది, రోడ్డు ఖాళీగా ఉంది.

"మీ ఆవిడ నిలబడ్డ చోట గంప పెట్టండి. పెట్టి తోట గట్టెక్కి నిలబడండి. రోడ్డు మీదికి మాత్రం రాకండి."

"ఇదంతా ఎందుకండీ మేడమ్ గారండీ?"

"చూడండి."

వెనక్కి పోయి ఆ రోజు వచ్చిన వేగంతోనే వచ్చింది. సరిగ్గా కల్వర్టు గోడ దగ్గర బ్రేకు తొక్కింది. బలమంతా పెట్టి తొక్కింది. కారు జారుతూ వచ్చి గంపను కొట్టి, దాన్ని కింద ఈడ్చుకుంటూ పోయి ఆగింది. వెదురు బద్దలు విరిగిన చప్పుడు గట్టు మీదికి వినపడింది.

తర్వాత ఆమె ఖాళీ రోడ్డు మీద అటూ ఇటూ తిరిగి ఆరుసార్లు తొక్కింది. విరిగిన గంపను సత్యనారాయణ మళ్ళీ అక్కడే పెట్టాడు. అదే వేగం, అదే కల్వర్టు, అదే కాలు. ఈసారి కారు ముక్కు నేలకు వంచి నిలబడిపోయింది.

సత్యనారాయణ గట్టు దిగాడు. కారు ముందు నుంచి గంప వరకు అడుగులు వేసి కొలిచాడు. తొమ్మిది. నమ్మకం కలగనట్టు మళ్ళీ కొలిచాడు. తొమ్మిదే.

మహతి దిగి అతని ముందు నిలబడింది. "రోడ్డు మీద వాడకూడని బ్రేకులు అవి. మార్చమని మెకానిక్ అన్నాడు, నేనే వద్దన్నాను. వేడెక్కకపోతే పట్టవని నాకు తెలుసు. ఆమె చూసే వచ్చింది. మామూలు బ్రేకులుంటే ఆగేదాన్ని."

అతను రోడ్డు వార కూర్చుండిపోయాడు. చేతిలో గంప బద్ద ఒకటుంది. "నెలరోజుల నుంచి దాన్ని నేను తిట్టని తిట్టు లేదండీ" అన్నాడు. ఆమె వైపు చూడలేదు. "మీరు కాయితం వచ్చిన రోజే చెప్పుంటే..."

ఇద్దరూ పేటకు నడిచారు. పార్వతి ఇంటి లోపల మంచం మీద కూర్చుని ఉంది. సత్యనారాయణ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. మహతి నేల మీద కూర్చుని చెప్పింది. ఈసారి ఫిజిక్స్ ఏమీ లేకుండా, ఐదారు మాటల్లోనే.

పార్వతి భర్త వైపు తిరిగింది.

"నేను చూశాను కదా?"

అతను తల ఊపాడు.

"నోటితో చెప్పు."

"చూశావు" అన్నాడు.

పార్వతి రెండు చేతులతో మంచం పట్టెలు పట్టుకుంది. "నా కాలు పోయింది, దాన్ని ఒప్పుకున్నాను. కానీ నా కళ్ళని నేనే నమ్మకుండా చేశారు కదమ్మా మీరు" అంది మహతితో. గొంతు పెంచలేదు. "క్షమించమని మాత్రం అడక్కండి. నావల్ల కాదు."

"అడగను."

"అయితే ఒక పని చేయండి. ఏమయ్యా, మంచం బయట వేయి."

సత్యనారాయణ, పక్కింటి ఆవిడ కొడుకు కలిసి మంచంతో సహా ఆమెను మోసి వీధిలో దించారు. పనికి బయల్దేరబోయే వేళ. సద్ది క్యారేజీలతో, గంపలతో పదిహేను ఇరవై మంది ఆగారు. నవ్విన వాళ్ళిద్దరూ ఉన్నారు. గోడ మీది ఆవిడా ఉంది.

"ఇప్పుడు నాకు చెప్పింది వీళ్ళకి చెప్పండి" అంది పార్వతి. "గట్టిగా."

అరవై మంది పిల్లల ముందు రోజూ మాట్లాడే మహతి సగం మాటలో ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మొత్తం చెప్పింది. మధ్యలో ఎవరో ఫోన్ పైకెత్తి పట్టుకున్నారు. ఆమె అటే తిరిగి చెప్పింది. ఇక్కణ్ణుంచి స్టేషన్‌కే వెళుతున్నానని, కారూ ప్యాడ్లూ అక్కడ అప్పగిస్తానని కూడా చెప్పింది.

పక్కింటి ఆవిడ గోడ దగ్గర్నుంచి లోపలికి పోయింది. ఒక ముసలాయన మాత్రం, "మరి పోయిన కాలు?" అని, ఎవరినీ అడగనట్టు అడిగి, క్యారేజీ ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. వెనకే మిగతా వాళ్ళూ కదిలారు. పని వేళ దాటుతోంది.

పార్వతి చివరి మనిషి మలుపు తిరిగే దాకా చూసింది.

"ఎండ వస్తోంది" అంది భర్తతో. "ఇక లోపల వేయి."